దయగల మేనేజరు చాలడు

ఈ మధ్య మన శిక్షణా శిబిరాల్లోనూ, ఎం.బి.ఏ. విద్యార్థుల ప్రాజెక్టు రిపోర్టుల్లోనూ ఒక వాక్యం తరచు ఎదురవుతోంది. నాయకత్వ శైలి బాగుండి, పనిచోట తగిన అండ దొరికితే ఉద్యోగుల పనితీరు మెరుగవుతుందన్నది ఆ వాక్యం. వినడానికి సబబుగానే ఉంటుంది. అరిచే అధికారి కింద కంటే ఆదరించే అధికారి కింద మనిషి బాగా పనిచేస్తుందని చెప్పడానికి నిజానికి పరిశోధన కూడా అక్కర్లేదు. అత్తగారింట్లో ఆరు నెలలు కాపురం చేసిన ఏ కోడలిని అడిగినా చెబుతుంది. అయినా ఈ వాక్యంతో నాకు పేచీ ఉంది. ఆ పేచీ ఏమిటో దిల్‌సుఖ్‌నగర్ నుంచి ఎల్.బి.నగర్ దాకా ఉన్న రోడ్డు మీద పనిచేసే స్త్రీలను దృష్టిలో పెట్టుకుని చెప్పాలనుకుంటున్నాను.

ఆ వాక్యాన్ని కాస్త విడదీసి చూడండి. నాయకుడు అండ ఇస్తాడు. ఉద్యోగి దాన్ని పుచ్చుకుంటుంది. పుచ్చుకున్నందుకు ఆమె పనితీరు పెరుగుతుంది. పెరిగిన పనితీరు వల్ల వచ్చే లాభం యజమానికి చేరుతుంది. ఈ చక్రంలో హక్కు అన్న మాట ఎక్కడా రాదు. ఆమె కూర్చోవాలన్నా, మరుగుదొడ్డికి వెళ్లాలన్నా, బిడ్డకు జ్వరమొస్తే ఇంట్లో ఉండాలన్నా అదంతా పైవాడి స్వభావం మీద ఆధారపడ్డ వ్యవహారమైపోతుంది. అమ్మకాలు పెంచితేనే ఆ సౌకర్యానికి అర్థం. పెంచకపోతే అది దండగ ఖర్చు. స్త్రీలు మనుషులుగా పొందవలసినవాటిని ఉత్పత్తి పెంచే ఉపాయాలుగా మార్చే ఈ ఆలోచనను మనం ప్రశ్నించకుండా మన శిబిరాల్లోకి ఎందుకు రానిస్తున్నాం?

ముందుగా ఈ సిద్ధాంతాల పుట్టుక చూద్దాం. మేనేజ్‌మెంటు పుస్తకాలన్నీ గొప్పగా చెప్పుకునే హాథార్న్ పరిశోధనలు అమెరికాలో షికాగో దగ్గరి వెస్టర్న్ ఎలక్ట్రిక్ ఫ్యాక్టరీలో 1924 నుంచి 1932 వరకు జరిగాయి. వాటిలో అన్నిటికంటే పేరుపడినది 1927లో మొదలైన ప్రయోగం. టెలిఫోన్ రిలేలు బిగించే కొద్దిమంది యువతులను ఒక గదిలోకి చేర్చి, విరామాలిచ్చి, పని గంటలు మార్చి, పక్కన ఒక పరిశీలకుణ్ణి కూర్చోబెట్టారు. ఉత్పత్తి పెరిగింది. పర్యవేక్షణ స్నేహంగా ఉండటం వల్ల, తమను పట్టించుకున్నారన్న భావన వల్ల ఆ ఆడపిల్లలు బాగా పనిచేశారని తేల్చారు. తర్వాతి రోజుల్లో ఎల్టన్ మేయో పేరుతో మారుమోగిన ఈ సారాంశాన్ని ఇప్పటికీ మన కాలేజీల్లో చెబుతున్నారు. అంతగా చెప్పనిది ఒకటుంది. మొదట ఎంచుకున్న యువతుల్లో ఇద్దరిని 1928 జనవరిలో ఆ గది నుంచి తీసేసి, వాళ్ల స్థానంలో వేరే ఇద్దరిని తెచ్చారు. పనిలో మాటలెక్కువయ్యాయని, సహకరించడం లేదని వాళ్ల మీద ఆరోపణ. అంటే మాట్లాడే ఆడవాళ్లను బయటికి పంపించి, మిగిలినవాళ్లు స్నేహపూర్వక నాయకత్వానికి ఎంత చక్కగా స్పందించారో చూడండని లోకానికి చాటారు. జీతం లెక్కగట్టే పద్ధతి కూడా ఆ గదిలో మారింది. చిన్న బృందం చేసిన పనికి ఆ బృందానికే ఫలితం దక్కేటట్టు చేశారు. డబ్బు మాట వెనక్కి పోయి ఆప్యాయత మాట ముందుకొచ్చింది. జోన్ ఆకర్, డొనాల్డ్ వాన్ హూటెన్ 1974లో ఈ పరిశోధనను తిరగేసి చూసి, మగ పర్యవేక్షకుల కింద ఆడ కార్మికులను పెట్టి చేసిన ప్రయోగంలో స్త్రీ పురుష అధికార సంబంధాన్ని లెక్కలోకే తీసుకోలేదని ఎత్తిచూపారు.

నాయకత్వ శైలుల సంగతీ అంతే. నిరంకుశం, ప్రజాస్వామికం, పట్టించుకోనితనం అనే మూడు రకాలు కర్ట్ లెవిన్, ఆయన సహచరులు 1930ల చివర అయోవాలో చేసిన ప్రయోగాల నుంచి వచ్చాయి. ఎవరి మీద చేశారు? పదేళ్ల మగపిల్లల మీద. బడి అయ్యాక క్లబ్బుల్లో చేరి మాస్కులు తయారుచేసే పిల్లల మీద. ఆ పిల్లలకు ఇంటి అద్దె లేదు, నెల జీతం లేదు, పని పోతుందన్న భయం లేదు. పిల్లల స్వభావాన్ని అర్థం చేసుకోవడానికి ఆ ప్రయోగం పనికి రావచ్చు. కాని దాన్ని తెచ్చి, ఏడాదంతా అప్పు వాయిదాల మీద బతుకు వెళ్లదీసే ఒక సేల్స్ గర్ల్‌కు కొలతబద్దగా పెడితే ఒప్పుకోవాలా?

ఇప్పుడు మన రోడ్డు మీదికి వద్దాం. మెట్రో స్తంభాల వెంట దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, కొత్తపేట, ఎల్.బి.నగర్ కూడలి వరకు బట్టల షోరూములు, నగల దుకాణాలు, కోచింగ్ సెంటర్లు, హాస్టళ్లు, ఆసుపత్రులు. 2018 సెప్టెంబరులో అమీర్‌పేట నుంచి ఎల్.బి.నగర్ వరకు మెట్రో వచ్చాక కొనుగోలుదార్ల రాకపోకలు సులువయ్యాయి. ఈ దుకాణాల్లో పనిచేసే స్త్రీలు మాత్రం ఎక్కువమంది హయత్‌నగర్, మీర్‌పేట, బాలాపూర్ వైపు నుంచి బస్సుల్లో, షేర్ ఆటోల్లో వస్తారు. కొద్దికాలంగా వీరిలో కొంతమందితో మాట్లాడుతున్నాను. దుకాణాల పేర్లు ఇక్కడ అనవసరం. ఒకరి పేరు రాస్తే మిగిలినవారు మంచివారన్నట్టు అవుతుంది.

చీరల సెక్షన్‌లో పని ఎలా ఉంటుందో కొనడానికి వెళ్లే మనందరికీ తెలుసు. మనం స్టూలు మీద కూర్చుంటాం. ఆమె నిలబడి విప్పి చూపిస్తుంది. నలభై చీరలు విప్పించుకుని, మళ్లీ వస్తామని లేచిపోతాం. ఆ నలభై చీరలనూ మడత తప్పకుండా మళ్లీ పెట్టాల్సింది ఆమే. ఆ మడతలకు లెక్క లేదు. ఆమె కోడ్ మీద ఎన్ని బిల్లులు పడ్డాయన్నదే లెక్క. ఇంటిపని లెక్కలోకి రాదని మనం ఎన్నో ఏళ్లుగా వాదిస్తున్నాం. ఇక్కడ జీతమిచ్చే చోట కూడా అదే జరుగుతోంది. విప్పడం, మడవడం, సర్దడం, బేరం కుదరక చిరాకుపడే వాళ్ల ముందు నవ్వడం, ఇదంతా పని కానట్టు, బిల్లు ఒక్కటే పనైనట్టు. ఆ నవ్వు కూడా శ్రమేనని ఆర్లీ హాక్‌షీల్డ్ 1983లోనే విమాన పరిచారికల మీద రాసిన పుస్తకంలో చెప్పింది. పనితీరు అనే మాటను మనం వాడేముందు, దాన్ని కొలిచే తక్కెడ ఎవరి చేతిలో ఉందో చూడాలి.

ఆషాఢం సేల్ మొదలైనప్పటి నుంచి శ్రావణం పెళ్లిళ్లు, దసరా, దీపావళి దాకా ఈ స్త్రీలకు ఊపిరాడదు. కూర్చుంటే కొనేవాళ్లకు బద్ధకంగా కనబడుతుందని కొన్ని చోట్ల ఖాళీ సమయంలోనూ నిలబడే ఉండమంటారు. కౌంటరు ఒక అంతస్తులో, మరుగుదొడ్డి ఇంకో అంతస్తులో ఉంటుంది. వెళ్లాలంటే సూపర్‌వైజరుకు చెప్పి వెళ్లాలి. అందుకని నీళ్లు తాగడం తగ్గించుకుంటారు. కాళ్ల వాపులు, నడుం నొప్పి, మూత్రంలో మంట గురించి వాళ్లు చెప్పుకునేది తమలో తామే. ఫ్లోర్ మేనేజరు మగవాడైతే ఆయనతో ఏమని చెప్పుకోవాలి?

ఇక్కడే మంచి మేనేజరు ప్రవేశిస్తాడు. ఉన్నాడు, లేడనను. మధ్యాహ్నం గిరాకీ లేనప్పుడు వంతులవారీగా కాసేపు కూర్చోమనే ఫ్లోర్ మేనేజర్లున్నారు. నెలసరి రోజుల్లో కౌంటరు మార్చే సూపర్‌వైజరమ్మలున్నారు. వాళ్ల గురించి ఆ స్త్రీలు కృతజ్ఞతతో మాట్లాడతారు. ఆ కృతజ్ఞతను నేను తక్కువ చేయను. కాని ఆ మేనేజరు వేరే బ్రాంచికి బదిలీ అయిన మర్నాడు ఏం జరుగుతుంది? స్టూలు గోడౌన్‌లోకి పోతుంది. అడగడానికి ఆమె చేతిలో కాగితం ముక్క ఉండదు. ఇన్నాళ్లూ ఇచ్చారు కదా అంటే, ఆయన ఇచ్చాడు, నేనివ్వను అని కొత్తాయన అనగలడు. పైగా మంచి మేనేజరు ఉన్న రోజుల్లో కూడా ఆ మంచితనానికి ఒక ధర ఉంటుంది. సార్ మంచివాడు కాబట్టి ఆదివారం రమ్మంటే కాదనలేం. అంత చూసుకున్న మనిషి టార్గెట్ అడిగితే మాట తీసేయలేం. గట్టిగా అరిచేవాడి మీద కనీసం కోపం తెచ్చుకోవచ్చు. ఆదరించేవాడి దగ్గర అదీ కుదరదు. పుట్టింటివాళ్లు పెట్టిన చీరకు మురిసి ఆస్తిలో వాటా అడగలేకపోయిన ఆడపిల్లల కథ మనకు కొత్తదా?

కుర్చీ హక్కు ఎక్కడా లేని కోరిక కాదు. నిలబడి పనిచేసేవారికి వీలున్నప్పుడు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టంలోని 44వ సెక్షన్ చెప్పింది. దుకాణాలు ఫ్యాక్టరీలు కావు కాబట్టి ఆ సెక్షన్ దుకాణాల గడప దాటి లోపలికి రాలేదు. 1988 నాటి మన దుకాణాల, సంస్థల చట్టం రోజుకు 8 గంటలు, వారానికి 48 గంటలు అని హద్దు గీసింది. ఆ హద్దు సేల్ రోజుల్లో ఎక్కడుంటుందో రాత్రిపూట దిల్‌సుఖ్‌నగర్ బస్టాపులో నిలబడినవారికి తెలుసు. రుసుము కట్టిన దుకాణాలు 24 గంటలూ తెరిచి ఉంచుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం 2023లో ఉత్తర్వు ఇచ్చింది. రాత్రి పనికి స్త్రీల సమ్మతి ఉండాలన్న షరతు అందులో ఉంది. కాదంటే ఉద్యోగం పోయేచోట సమ్మతి అన్న మాటకు విలువెంత?

కేరళలో ఈ హక్కు ఏ దయగల యజమాని వల్లా రాలేదు. కోజికోడ్‌లోని మిఠాయి వీధిలో దుకాణాల్లో పనిచేసే స్త్రీలు మొదట మరుగుదొడ్డి కోసం గొంతెత్తారు. దర్జీపని చేసే విజి ముందుండి పెణ్‌కూట్టు అనే సంఘం కట్టింది. ఆడవాళ్ల జట్టు అని ఆ పేరుకు అర్థం. త్రిస్సూరులో ఒక చీరల దుకాణం ముందు స్త్రీలు కూర్చునే హక్కు కోసమే రోజుల తరబడి సమ్మె చేశారు. ఆ ఒత్తిడి ఫలితంగా 2018లో కేరళ ప్రభుత్వం దుకాణాల చట్టాన్ని సవరించింది. 2021లో తమిళనాడు కూడా అదే బాట పట్టింది. 2020లో పార్లమెంటు చేసి, 2025 నవంబరు 21 నుంచి అమలులోకి తెచ్చిన పని భద్రతా కోడ్‌లోనూ నిలబడి పనిచేసేవారికి కూర్చునే ఏర్పాటు గురించిన మాట ఉంది. ఆ కోడ్‌ల మీద కార్మిక సంఘాలకున్న అభ్యంతరాలు చాలా ఉన్నాయి. వాటితో నేను ఏకీభవిస్తాను. అయినా ఆ ఒక్క మాటను పట్టుకుని ప్రతి షోరూముకూ వెళ్లి అడగడానికి మనకు అడ్డేమిటి?

దుకాణాల యజమానులు లాభం కోసం పనిచేసేవాళ్లు, వాళ్లింతే అనుకుందాం. ప్రభుత్వ రంగంలో పరిస్థితి ఏమిటి? ఇదే రోడ్డు మీద ఆర్.టి.సి. డిపో ఉంది, దాని బస్సుల్లో స్త్రీలు కండక్టర్లుగా ఉన్నారు. 2019 అక్టోబరు 5న తెలంగాణ ఆర్.టి.సి. కార్మికులు సమ్మెకు దిగారు. గడువులోగా రానివాళ్లు తమ ఉద్యోగాలు తామే వదులుకున్నట్టని అప్పటి ముఖ్యమంత్రి కె. చంద్రశేఖర్ రావు ప్రకటించారు. దాదాపు 48 వేల మంది ఉద్యోగాలు ఒక్క మాటతో గాలిలో తేలాయి. నవంబరు 25న సంఘాలు సమ్మె విరమించాయి. మర్నాడు డిపోలకు వెళ్లినవాళ్లను లోపలికి రానివ్వలేదు. ఆ తర్వాత ఐదు రోజులకే డిసెంబరు 1న ప్రతి డిపో నుంచి కొందరిని ప్రగతి భవన్‌కు పిలిపించి, ముఖ్యమంత్రి వాళ్లతో మాట్లాడి వరాలు ప్రకటించారు. పత్రికలు వాడిన మాట కూడా అదే, వరాలు. ఆడవాళ్లకు రాత్రి 8 గంటల లోపే డ్యూటీ ముగియాలి, డిపోల్లో దుస్తులు మార్చుకునే గదులు, మరుగుదొడ్లు ఉండాలి, పిల్లల సంరక్షణకు సెలవు ఇవ్వాలి అన్నారు. అన్నీ న్యాయమైనవే. వాటితోపాటే యూనియన్ ఎన్నికలు రెండేళ్లపాటు వద్దని, వాటి బదులు ప్రతి డిపో నుంచి ఇద్దరితో సంక్షేమ మండళ్లు ఉంటాయని కూడా అన్నారు.

మేనేజ్‌మెంటు పుస్తకం ప్రకారమైతే ఇది నిరంకుశ శైలి నుంచి ఆదరణ శైలికి జరిగిన మార్పు. రెండు నెలల్లో ఒకే నాయకుడు రెండు శైలులనూ చూపించాడు. నాకు మాత్రం ఆ రెండింట్లోనూ ఒకే అధికారం కనబడుతోంది. ఉద్యోగం తీసేసేదీ ఆయనే, సెలవు ఇచ్చేదీ ఆయనే. ఇచ్చిన హామీ అమలు కాకపోతే లెక్క అడగవలసిన సంఘం నోరే ఆ సమావేశంలో మూతపడింది. గదులూ మరుగుదొడ్లూ ఇచ్చి, వాటిని అడిగే వేదికను తీసుకుంటే స్త్రీలకు మిగిలింది ఎంత?

2023 డిసెంబరు 9న మహాలక్ష్మి పథకం కింద స్త్రీలకు ఉచిత ప్రయాణం మొదలైంది. స్త్రీల సంచారానికి ఇది గొప్ప మేలు చేసింది, అందులో సందేహం లేదు. షోరూములకు వచ్చే ఆడపిల్లల నెల ఖర్చు తగ్గింది. ఉచిత ప్రయాణాలు 200 కోట్లు దాటాయని 2025 జూలైలో ప్రభుత్వం ఉత్సవం చేసింది. ఆ 200 కోట్ల సున్నా టికెట్లూ ఎవరో ఒకరు కొట్టి ఇచ్చినవే కదా. కిక్కిరిసిన బస్సులో ఆధార్ కార్డు చూసి, టికెట్ ఇచ్చి, గొడవలు తీర్చిన కండక్టర్ల శ్రమ ఏ ఉత్సవంలో ఎంత వినిపించింది? పనితీరు సంస్థ ఖాతాలో, పేరు నాయకుడి ఖాతాలో పడితే, అలసట ఒక్కటే ఆమె ఖాతాలో పడింది.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. చట్టాలు కాగితాల మీద ఎన్ని లేవు, మనిషి మంచివాడు కాకపోతే చట్టం ఏం చేస్తుంది అంటారు. ఇది తోసిపుచ్చదగ్గ మాట కాదు. లైంగిక వేధింపుల నిరోధానికి 2013లో వచ్చిన చట్టం 10 మంది పనిచేసే ప్రతి చోటా అంతర్గత కమిటీ వేయమంది. ఈ రోడ్డు మీద నేను మాట్లాడిన స్త్రీలలో తమ కమిటీలో ఎవరున్నారో చెప్పగలిగినవారు అరుదు. కాబట్టి చట్టం ఉంటే చాలదు. అయితే దీనికి మందు మంచి మనిషి కోసం ఎదురుచూడటమా? ఆ చట్టానికి మూలమైన 1997 నాటి విశాఖ తీర్పు ఎక్కడి నుంచి వచ్చింది? రాజస్థాన్‌లో ప్రభుత్వ మహిళాభివృద్ధి కార్యక్రమంలో సాథిన్‌గా పనిచేసిన భన్వరీదేవి 1992లో ఒక బాల్య వివాహాన్ని ఆపబోయినందుకు అత్యాచారానికి గురైంది. పని అప్పజెప్పినవాళ్లు ఆ పనిలోని ప్రమాదానికి బాధ్యత తీసుకునే ఏర్పాటు లేదు. మహిళా సంఘాలు కోర్టుకెక్కాక ఆ బాధ్యత యాజమాన్యం మీద పడింది. చట్టాన్ని నడిపించేది సంఘటిత శక్తి. మంచి నాయకత్వం చేయగలిగిన మేలు ఒక్కటే. తాను ఈ రోజు దయతో ఇస్తున్నదాన్ని రేపు తాను లేకపోయినా నిలిచేట్టు రాతలో పెట్టి, దాన్ని అడిగే సంఘానికి అడ్డు తప్పుకోవడం.

ఇంతవరకు చెప్పింది మనలో చాలామంది ఒప్పుకుంటారు. ఇకమీద చెప్పేది అంత సులువుగా మింగుడు పడదు. మన సంస్థల్లో పరిస్థితి ఏమిటి? మహిళా హక్కుల కోసం పనిచేసే స్వచ్ఛంద సంస్థల్లో బస్తీల్లో తిరిగే క్షేత్ర కార్యకర్తల జీతం, సెలవులు, ప్రయాణపు ఖర్చు ఏ నిబంధన ప్రకారం నడుస్తున్నాయి? చాలాచోట్ల వినబడే జవాబు, మనదంతా ఒక కుటుంబం అని. కుటుంబం గురించి ఇన్నేళ్లుగా ఇన్ని విమర్శలు రాసిన మనమే ఈ మాట ఎలా అనగలం? అక్కా అని పిలిపించుకునే డైరెక్టరు కూడా యజమానే. ప్రాజెక్టు అయిపోగానే ఎవరిని ఉంచాలో, ఎవరిని పంపాలో తేల్చేది ఆమే. ఆ అధికారాన్ని అక్కరికంతో కప్పితే అది మాయం కాదు, అడగడానికి మాత్రం కష్టమవుతుంది.

నిధులు లేవంటారు. నిజమే. విదేశీ విరాళాల చట్టానికి 2020లో చేసిన సవరణ పరిపాలనా ఖర్చుల పరిమితిని 50 శాతం నుంచి 20 శాతానికి తగ్గించింది. చిన్న సంస్థలు ఎంత ఇరుకున పడ్డాయో నాకు తెలుసు. కాని నియామక పత్రం ఇవ్వడానికి ఎంత ఖర్చవుతుంది? సెలవుల నిబంధన గోడకు అంటించడానికి ఏ దాత అనుమతి కావాలి? కార్యకర్తలు తమలో తాము ఒక ప్రతినిధిని ఎన్నుకుని కార్యవర్గ సమావేశంలో కూర్చోబెట్టుకుంటే ఏ పద్దు కింద రాయాలి? ఇవి డబ్బు లేక ఆగినవి కావు. అధికారం పంచుకోవలసి వస్తుందని ఆగినవి.

అందువల్ల నా ప్రతిపాదనలు ఇవి. దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ ప్రాంతంలో పనిచేసే మహిళా సంఘాలు, కార్మిక సంఘాలు కలిసి ఈ ఆషాఢం సేల్‌కు ముందే షోరూముల్లోని కుర్చీలు, మరుగుదొడ్లు, పని గంటలు, అంతర్గత కమిటీల మీద సర్వే చేయాలి. చేసి, ఆ వివరాలను కార్మిక శాఖ ముందు పెట్టాలి. కూర్చునే హక్కును మన దుకాణాల చట్టంలోనే సూటిగా రాయమని కోరాలి. చీరలు కొనడానికి వెళ్లిన మనం, మనకు స్టూలు వేసినప్పుడు ఆమెకేదని అక్కడే అడగాలి. ఆర్.టి.సి.లో ఎన్నికైన సంఘాల కోసం జరిగే పోరాటాన్ని స్త్రీల సమస్యగా కూడా గుర్తించాలి. మన సంస్థల్లో నియామక పత్రాలు, రాతపూర్వక సెలవులు, ఎన్నికైన కార్యకర్తల ప్రతినిధి ఉన్నాయో లేవో వచ్చే సర్వసభ్య సమావేశంలోగా తేల్చుకోవాలి.

నాయకత్వ శిక్షణకు పిలిచినవాళ్లను కూడా మనం ఒకటి అడగవచ్చు. ఈ అండ వల్ల పనితీరు ఎంత పెరిగిందని వాళ్లు లెక్క తీస్తారు. అడిగినందుకు ఎవరి ఉద్యోగమైనా పోయిందా అన్న లెక్క కూడా వాళ్ల దగ్గర ఉందా అని అడుగుదాం. ఆ లెక్క లేని శిక్షణ మనకు వద్దు.